పిట్ట పేరు తర్వాత, ముందు పిట్టను చూడండి

మన తెలంగాణ రాష్ట్ర పక్షి ఏది అంటే పాలపిట్ట అని అందరూ చెప్తారు. మరి దసరా రోజు పంజరంలో కాకుండా, బయట కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను ఎంతమంది చూశారు? కూర్చున్నప్పుడు గోధుమరంగులో మామూలుగానే ఉంటది. ఎగిరితేనే రెక్కల్లో ఆ నీలం మొత్తం కనపడేది. పంజరంలో అది ఎట్ల కనిపిస్తది చెప్పండి? అన్నట్టు, దాన్ని పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం.

అందుకే పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలి. దూరం పోనక్కర్లేదు. మిర్యాలగూడ, కోదాడ వాళ్లకు సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలున్నాయి. సూర్యాపేటకు మూసీ ప్రాజెక్టు దగ్గరే. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చేయొచ్చు.

అక్కడికి పోయాక "అది కొంగ, ఇది లకుముకి" అని పేర్లు చదువుకుంటూ పోవద్దు. నన్నడిగితే మొదటిసారి నాలుగు పిట్టలు చాలు. ఒక్కోదాన్ని పది నిమిషాలు చూడనివ్వండి. పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కాకంతా? ముక్కు ఎట్లుంది? ఏం తింటోంది?

పొలం దున్నే ట్రాక్టర్ వెనకే తెల్లకొంగలు ఎందుకు నడుస్తాయి? మట్టి కదిలితే పురుగులు, కప్పలు బయటపడతాయి కాబట్టి. పక్క మడిలో నత్తగుల్ల కొంగ ఉంటే దాని ముక్కు చూపించండి. మూసినా మధ్యలో సందు ఉంటది. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగాక వస్తది. నత్తలే దాని ముఖ్యమైన తిండి.

ఇక తీతువు పిట్ట. అది అరిస్తే చావు కబురు వస్తదని ఇప్పటికీ ఊళ్లల్లో భయపడతారు. నిజానికి అది గూడు కట్టదు, ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. గులకరాళ్లలాగే ఉంటాయి, తొక్కేదాకా తెలియదు. మనం దగ్గరికొస్తే తల మీద తిరుగుతూ గోల చేసేది అందుకే. అప్పుడు వెనక్కి రావాలి. ఫొటో కోసం ఇంకో రెండడుగులు వేయొద్దు, లొకేషన్ స్టేటస్‌లో పెట్టొద్దు.

ఫోన్ అసలే వద్దనడం లేదు. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్తది, అప్పుడప్పుడు తప్పు కూడా చెప్తది. కాబట్టి ముందు కళ్లతో చూడాలి, నోట్‌బుక్‌లో రాసుకోవాలి, యాప్ ఆ తర్వాతే. గూళ్ల దగ్గర మాత్రం ఫోన్‌లో పక్షి కూతలు ప్లే చేయకండి, పిట్టలు కంగారు పడతాయి.

చూసినవి ఈబర్డ్‌లో నమోదు చేయండి. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. అప్పుడు మన ప్రాంతం కూడా ఆ రాజ్యంలోదే. అప్పటికీ ఇప్పటికీ ఏది తగ్గింది, ఏది పెరిగింది అని పోల్చాలంటే ఇవాళ్టి లిస్టులు కావాలి కదా. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మీ కాలేజీ గ్రౌండ్‌లో పదిహేను నిమిషాలు నిలబడి లెక్కపెట్టినా తీసుకుంటారు.