బొట్టు పెళ్లితో రాలేదు

బొట్టు నాకు పెళ్లితో రాలేదు. ఉయ్యాల్లో ఉండగానే అమ్మమ్మ చాదుబొట్టు పెట్టింది. పెళ్లితో వచ్చినవి మెట్టెలు, సూత్రాలు. ఈ లెక్క ఆయన ఉండగానే నాకు తేలిపోయింది.

ఆయన పోయాక పదో రోజుకు ముందు రాత్రి మేనత్త పక్కన కూర్చుని, "తెల్లారకుండానే కానిచ్చేద్దామే అమ్మడూ, ఎవరి కంటా పడకుండా" అంది. ఆవిడకు పాతికేళ్లైనా నిండకుండానే గాజులు పగలగొట్టారు.

"కానివ్వాల్సిందేం లేదత్తా. మెట్టెలూ సూత్రాలూ బీరువాలో పెట్టేశాను. బొట్టూ గాజులూ ఉంటాయి."

మర్నాడు పుట్టింటి చీర వచ్చింది, లేతరంగుది. తెల్లచీర తేనందుకే లోకం మారిందని మురిసిపోతాం! హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్నయ్య కూతురికేమో, సూత్రాలు తీశానని కోపం. "లొంగిపోయావత్తా" అంది. సంప్రదాయానికి ఒక కొలత, సంస్కరణకు మరో కొలత. రెండింట్లోనూ నేను తప్పాను.

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 డిసెంబరు 11 అయింది. పాతికేళ్లు! మళ్లీ పెళ్లి చేసుకోని వాళ్ల బొట్టూ గాజుల సంగతి ఆ చట్టానికి పట్టలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో ఆ సంగతి పట్టించుకుంది. గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మెట్టెలు తీయించడం ఊళ్లో ఆపేయాలని తీర్మానించింది. మిగతా పంచాయతీలూ అదే దారి పట్టాలని ఆ రాష్ట్ర ప్రభుత్వమూ కోరింది. ఊరే అనుకుంటే ఏ ఒక్కతీ మొండిది అనిపించుకోనక్కర్లేదు.

పదో రోజు గట్టెక్కడం నాకు కష్టం కాలేదు. శ్రావణ శుక్రవారాలే కష్టం. పేరంటానికి పిలవరు, పిల్ల చేత శనగలు మాత్రం పంపుతారు. మర్యాదస్తులు మరి! ఎదురింటి గృహప్రవేశంలో కుంకుమ భరిణె పట్టుకున్న అమ్మాయి నా దగ్గరకొచ్చి ఆగిపోయింది. నేనే వేలు అద్ది పెట్టుకున్నాను. పక్కావిడ సర్దుకుని కూర్చుంది. నేను మాత్రం కడుపునిండా తిన్నాను, పూర్ణాలు బాగా కుదిరాయి.

వచ్చే శుక్రవారం మా ఇంట్లో పేరంటం. మేనత్తతో సహా అందరినీ పిలిచాను. రెండు కిలోల శనగలు నానబెడుతున్నాను. వచ్చేవాళ్లు వస్తారు, మిగిలితే వడలు వేస్తాను.