వార్తల్లో పదం: వెన్నుద్రవ పరీక్ష

1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో జపనీస్ మెదడువాపు ప్రబలింది. నేడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పుడు ఆ జిల్లాలోవే. అలాంటప్పుడు జ్వరం, ఫిట్స్, మగతతో వచ్చిన బిడ్డను చూసి కారణం వైరసా, బ్యాక్టీరియానా, క్షయా అని తేల్చలేం. వెన్నుద్రవమే ఆ గుట్టు విప్పుతుంది.

నడుము దిగువన రెండు పూసల సందులోంచి సన్నటి సూదితో కొన్ని మిల్లీలీటర్లు తీస్తారు. కాళ్లు పడిపోతాయని తల్లిదండ్రులు వణికిపోతారు. కానీ వెన్నుపాము అంతకు పైనే ముగుస్తుంది. ఆ భయంతో పరీక్ష వద్దనడమే అసలు ప్రమాదం.

నీళ్లలా తేటగా ఉండాల్సిన ద్రవం బియ్యం కడుగులా మసకబారితే ముందుగా బ్యాక్టీరియానే అనుమానిస్తారు. అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు పెరిగి గ్లూకోజు పడిపోతుంది. వైరస్ అయితే సాధారణంగా లింఫోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలు ఎక్కువ, గ్లూకోజు మామూలే. క్షయలో లింఫోసైట్లతో పాటు ప్రొటీన్ పెరుగుతుంది, గ్లూకోజు తగ్గుతుంది. ద్రవంలో గ్లూకోజు తగ్గిందో లేదో రక్తంతో పోల్చే చెప్పగలం, అందుకే రక్తంలో చక్కెరనూ అప్పుడే చూడాలి.

జపనీస్ వైరస్‌ను పట్టిచ్చేది వెన్నుద్రవంలో యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలైజా పరీక్ష. తొలి రోజుల్లో యాంటీబాడీలు తయారుకాక నెగెటివ్ రావచ్చు. అనుమానం తీరకపోతే మళ్లీ చేయాలి.

2003లో ఆంధ్రప్రదేశ్‌లో 183 మంది పిల్లలను బలిగొన్న మెదడువాపునూ మొదట జపనీస్ అనే అనుకుని ఉండవచ్చు. అది చాందీపుర వైరస్ అని తేల్చింది పుణె జాతీయ వైరాలజీ సంస్థ ప్రయోగశాలే.