కదిలే నేలకు కొలత

కాళ్ల కింది నేల కదలదని మనం నమ్ముతాం. కాని 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వద్ద 5.7 తీవ్రతతోను, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతోను భూకంపాలు సంభవించాయి. నెల్లికుదురు గల మహబూబాబాద్ జిల్లాకు ములుగు పొరుగు జిల్లాయే. శిలలలో ఏళ్ల తరబడి పేరుకొన్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైనప్పుడు భూమి కంపిస్తుంది. ఆ ఒత్తిడికి నేల కంటికి కనబడనంత మెల్లగా వంగుతుంది. దానిని కొలవడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది లెవెలింగ్. రెండు నిలువు కొలబద్దల నడుమ దుర్భిణి గల పరికరాన్ని ఉంచి, రెండు చోట్ల ఎత్తులలోని భేదాన్ని గ్రహిస్తారు. భారత సర్వేక్షణ శాఖ ఇట్లే సముద్రమట్టం నుండి ఎత్తులు నిర్ణయించి, బెంచిమార్కు రాళ్లు నాటింది. దగ్గరి చోట్ల ఈ కొలత మిల్లీమీటరు వరకు ఖచ్చితమైనది. అయితే దూరం పెరిగేకొద్దీ దోషాలు పోగవుతాయి. నేల పక్కకు జరిగితే దీనికి తెలియదు.

రెండవది ఉపగ్రహ స్థాననిర్ణయం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ కేంద్రం కొలతల ప్రకారం ఈ నేల ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతున్నది. ఎంత దూరమైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. కాని ఎత్తు విషయంలో దీని ఖచ్చితత్వం తక్కువ.

కనుక ఒకే రాళ్లను రెండు విధాలా కొలిచి, కొన్నేళ్లకు తిరిగి కొలుస్తారు. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. ఈ కొలతలు భూకంపం వచ్చే రోజును చెప్పవు. ఒత్తిడి పేరుకొనే చోటును చూపగలవు. పాత రాయిని పెకలిస్తే పాత కొలత వ్యర్థమవుతుంది. అందుచేత ఊరి బెంచిమార్కును కాపాడడం మనందరి బాధ్యత.