రెండో కారు లెక్క

ఇకనుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రావాల్సిందేనని మా కంపెనీ వాళ్ళు తేల్చేశారు. మేముండేది ట్రేసీలో, ఆఫీసు శాంటా క్లారాలో. మధ్యలో ఆల్టమాంట్ కొండలు. కొండల మీద గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి, కింద రోడ్డు మీద కార్ల చక్రాలే తిరగవు. వెళ్ళడానికి 50 మైళ్ళు, రావడానికి 50. బే ఏరియాలో ఇల్లు కొనలేక కొండ దాటి వచ్చేసిన వాళ్ళకి ఈ దారి గురించి నేను చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఉన్నది ఒక్క మినీవ్యాన్. పిల్లల బడికీ, ఈత క్లాసుకీ, కూరగాయలకీ, మావారి ఉద్యోగానికీ అదే. కాబట్టి నాకో కారు తప్పదు. ఏ కారు అన్నదే ప్రశ్న. నెల రోజులు కాగితమూ పెన్సిలూ పెట్టుకుని వేసిన లెక్క ఇది. నాలాగా రోజూ గానుగెద్దు తిరుగుడు తిరిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు దూరం సంగతి. రోజుకి 100 మైళ్ళు, సెలవులు పోను ఏడాదికి 240 రోజులు. అంటే 24,000 మైళ్ళు. ఒకవైపు గంటన్నర చొప్పున వేసుకున్నా ఏడాదికి 720 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి సరిగ్గా 30 రోజులు. పన్నెండు నెలల్లో ఒక నెల కారులోనే కాపురమన్నమాట! ఏస్ రైలు 1998 నుంచి ఈ దారిలో నడుస్తోంది, ట్రేసీలో ఆగుతుంది, శాంటా క్లారా దాకా వెళ్తుంది. వేళలు కుదిరినవాళ్ళకి ఏ కారుకన్నా అదే మేలు. మా టీము మీటింగులకీ ఆ రైలు వేళలకీ పొత్తు కుదరలేదు.

ఇక పెట్రోలు. మా వైపు గ్యాలను నాలుగున్నర డాలర్లకి అటూ ఇటూగా ఉంటుంది. మా వ్యాను గ్యాలనుకి 22 మైళ్ళిస్తుంది. దాంట్లోనే ఆఫీసుకి వెళ్తే ఏడాదికి 1,091 గ్యాలన్లు, 4,900 డాలర్ల పైమాటే. పదేళ్ళ నాటి కరోలా అయితే 32 మైళ్ళు: 750 గ్యాలన్లు, 3,375 డాలర్లు. 2016 తర్వాతి ప్రియస్ అయితే 52 మైళ్ళు: 462 గ్యాలన్లు, సుమారు 2,080 డాలర్లు.

ఇక్కడో తమాషా ఉంది, గమనించారా? 22 నుంచి 32కి పెరిగింది పదే. దానివల్ల మిగిలింది 341 గ్యాలన్లు. 32 నుంచి 52కి ఇరవై పెరిగింది. మిగిలింది మాత్రం 288. మైలేజీ అంకె పెద్దదయ్యేకొద్దీ లాభం కూడా అంతే పెరుగుతుందని మన మనసు అనుకుంటుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో లారిక్, సోల్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమ గురించే రాశారు. 2013 మోడల్ నుంచి ఇక్కడ కొత్త కార్ల అద్దానికి అంటించే కాగితం మీద 100 మైళ్ళకి ఎన్ని గ్యాలన్లు తాగుతుందో కూడా ఉంటుంది. చూడవలసిన అంకె అదీ. కాబట్టి మీ పాత పెద్దబండి గ్యాలనుకి 18 ఇస్తుంటే, దాన్ని వదిలి మామూలు చిన్న కారు కొన్నా పెద్ద లాభమే. హైబ్రిడ్డే కొనాలన్న రూలేం లేదు.

మరి నేను హైబ్రిడ్ వైపు ఎందుకు మొగ్గాను? నా దారి వల్ల. ఆల్టమాంట్ దగ్గరా, సునోల్ దగ్గరా ఆగుతూ కదులుతూ వెళ్ళాలి. బ్రేకు వేసినప్పుడల్లా వృథా అయ్యే శక్తిని హైబ్రిడ్ బ్యాటరీలోకి తిప్పుకుంటుంది. అందుకే బ్రేకు ప్యాడ్లు కూడా ఎక్కువకాలం మన్నుతాయి. ఖాళీ ఫ్రీవే మీద ఒకే వేగంతో వెళ్ళేవాళ్ళకి ఈ తేడా తగ్గుతుంది. నేను చూసినంతలో అదే వయసు కరోలాకీ ప్రియస్‌కీ ధరలో రెండు వేల డాలర్ల తేడా ఉంది. ఏడాదికి పెట్రోల్లో మిగిలేది 1,300. అంటే ఏడాదిన్నరలో ఆ తేడా వచ్చేస్తుంది.

"ఎలక్ట్రిక్ కొనుక్కోవచ్చుగా, గుడి పార్కింగులో అందరివీ అవేగా" అన్నారు స్నేహితులు. ఆ లెక్కా వేశాను. మొదటి తరం లీఫ్‌లు చవకగా దొరుకుతాయి కానీ, 2015 మోడల్ కొత్తగా ఉన్నప్పుడే 84 మైళ్ళు వెళ్ళేది. నాకు కావలసింది 100. పాత బోల్ట్ సరిపోతుంది, కొత్తలో అది 238 మైళ్ళ బండి. 100 మైళ్ళకి 28 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. కాలిఫోర్నియాలో అర్ధరాత్రి రేటు కూడా యూనిట్ 30 సెంట్లనుకుంటే ఏడాదికి 2,016 డాలర్లు. ప్రియస్ పెట్రోలు ఖర్చుకీ దీనికీ తేడా నెలకి ఐదారు డాలర్లే! పైగా గ్యారేజీలో 240 వోల్టుల లైను వేయించాలి. పాత ఎలక్ట్రిక్ కార్లకిచ్చే 4,000 డాలర్ల పన్ను రాయితీ, కార్‌పూల్ లేన్లో ఒంటరిగా వెళ్ళనిచ్చే స్టిక్కరు, రెండూ 2025 సెప్టెంబరు 30తో ముగిశాయి. ఇంటి మీద సోలార్ ఉన్నా, ఆఫీసులో ఉచితంగా చార్జింగు దొరికినా ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. మా ఇంటిమీద సోలార్ లేదు. ఆఫీసులో చార్జర్లు ఉన్నాయి, వాటికన్నా కార్లు ఎక్కువ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. కొత్త కారు ఎందుకు వద్దనుకున్నాను? 30,000 డాలర్లు, 6 శాతం వడ్డీ, ఐదేళ్ళు అంటే నెలకి 580 డాలర్లు కట్టాలి. కట్టలేక కాదు. మా ఇంట్లో అందరి వీసాలూ నా హెచ్-1బి మీదే ఆధారపడి ఉన్నాయి. మావారి పని అనుమతి కూడా దానికి ముడిపడినదే. గ్రీన్‌కార్డు క్యూలో మా వంతు ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే ఎరుక. నా ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఆ లోపల ఇంకో ఉద్యోగమైనా చూసుకోవాలి, హోదా అయినా మార్చుకోవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ 60 రోజుల్లో కారు వాయిదా కూడా తలమీద ఉండకూడదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. అందుకని మొదటి నియమం, కారు ఏదైనా సరే, లోను లేకుండా కొనాలి.

రెండో నియమం మావారు పెట్టారు. "చవకదంటే నాకు అభ్యంతరం లేదు. కానీ శీతాకాలంలో చీకట్లో, ఆ గాలిలో, పక్కన లారీలు పెట్టుకుని కొండ దిగేది నువ్వు" అన్నారు. అందుకని 2012కి ముందు మోడళ్ళు చూడలేదు. బండి జారకుండా పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ నుంచి అన్ని కార్లకీ తప్పనిసరి అయింది. 17 అక్షరాల విన్ నంబరు రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. సైటులో కొడితే, బాగుచేయించని రీకాల్స్ ఉన్నాయేమో ఉచితంగా తెలుస్తుంది. టైరు అంచున ఉండే చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. అరగకపోయినా అంత పాత టైర్లని నమ్ముకుని ఫ్రీవే ఎక్కకండి.

వ్యక్తుల దగ్గర కొంటే, కాలిఫోర్నియాలో స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాళ్ళే. మరీ కొత్త బండ్లకి తప్ప హైబ్రిడ్లకీ అది కావాలి. టైటిల్ మీద సాల్వేజ్ అని ఉంటే ఎంత చవకైనా దణ్ణం పెట్టి వచ్చేయడమే. నేను మెచ్చిన మొదటి కారు అలాంటిదే, రంగు మాత్రం నిగనిగలాడుతోంది. మనకి తెలిసిన మెకానిక్కుకి 150, 200 ఇచ్చి చూపించుకోవడం దండగ కాదు. పాత ప్రియస్‌లకి ఇంకో బెడద ఉంది. పొగగొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్లోని పలాడియం, రోడియం కోసం దొంగలు కిందినుంచి కోసుకుపోతారు. దానికి రక్షణగా రేకు బిగించే ఖర్చు కూడా కారు ధరలోనే కలుపుకోండి.

బీమా దగ్గర ఒక్క మాట. పాత కారుకి కొలిజన్ తీసేసి కొంత మిగుల్చుకోవచ్చు. లయబిలిటీ మాత్రం తగ్గించకండి. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి కనీస మొత్తాలు పెంచింది: ఒక మనిషి గాయాలకి 30,000, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అదీ చాలదనే నా అభిప్రాయం. మన కారు పాతదైనా, మనం గుద్దేది కొత్త కారు కావచ్చు కదా!

చివరికి ఒక రిటైరైన టీచరుగారి దగ్గర 2016 ప్రియస్ తీసుకున్నాను. లక్షా పదివేల మైళ్ళు తిరిగింది. ప్రతి ఆయిల్ మార్పిడి రసీదూ ఒక కవర్లో దాచారావిడ. బేరం అక్కడే కుదిరిపోయింది.

నాన్నకి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. "పన్నెండేళ్ళుగా అక్కడ ఉండి సెకండ్ హ్యాండ్ బండేమిటమ్మా?" అన్నారు. ఆయన తన చేతక్ స్కూటర్ డిక్కీలో చిన్న పుస్తకం పెట్టుకుని, పెట్రోలు పోయించిన ప్రతిసారీ లీటర్లూ కిలోమీటర్లూ రాసేవారు. అందుకని వీసా సంగతి చెప్పి ఆయన్ని దిగులుపెట్టకుండా, అంకెలు చెప్పాను. "లీటరుకి ఎంతిస్తుంది?" అన్నారు. "ఇరవై రెండు నాన్నా." "మన చేతక్ నలభై ఇచ్చేది కదమ్మా!" అన్నారు. ఆ గొంతులో గెలిచిన సంతోషం వినపడింది.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున, కట్టనక్కర్లేని ఆ 580 డాలర్లూ వేరే ఖాతాలో వేస్తున్నాను. ఆ ఖాతాకి మావారు పెట్టిన పేరు "అరవై రోజులు". దాన్ని తాకే అవసరం రాకుండా గ్రీన్‌కార్డు వస్తే, పిల్లలని తీసుకుని ఆ డబ్బుతోనే ఊరెళ్ళి వద్దామని మా ఆశ. అప్పటిదాకా కొండ ఎక్కుతూ దిగుతూ ఉంటాను.