గాఢమైన బీరునకు చాలినంత ఈస్టు

నారు పలుచనైన మడిలో కలుపు ముందుగా లేచునని రైతులెల్లరు ఎఱిగినదే. ఇంగ్లండు దేశమున ఇండ్లయందు బీరు కాచుకొనువారును ఈ న్యాయమునే పాటింతురు. అచ్చట 1963 నుండి స్వంత వాడుకకు బీరు చేసికొనుటకు లైసెన్సు అక్కఱలేదు. మన తెలుగు రాష్ట్రములలో లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. కావున ఈ విషయము తెలిసికొనుటకే గాని చేయుటకు గాదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలను వేడినీట నానవేసి తీసిన తియ్యని రసమును పులియజేయునది ఈస్టు. అది కంటికి కానరాని జీవి. చక్కెరను తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. 1883లో కోపెన్‌హేగెను నగరమందలి కార్ల్స్‌బర్గు ప్రయోగశాలలో హాన్సెను అను శాస్త్రజ్ఞుడు ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచి చూపెను. నేడు అట్టి ఈస్టు పొట్లములలో దొరకుచున్నది.

నూఱుపాళ్ల రసములో 12 పాళ్లు చక్కెర యున్నచో సాధారణమైన బీరగును. 22 పాళ్లున్నచో ‘బార్లీ వైను’ అనబడు గాఢమైన బీరగును. 20 లీటర్ల రసమునకు మొదటిదానికి సుమారు 18,000 కోట్ల కణములును, రెండవదానికి 33,000 కోట్లును కావలెను. ద్రవరూపమగు క్రొత్త పొట్లములో నుండునవి సుమారు 10,000 కోట్లు మాత్రమే. కొఱత యెంతయో దీనివలన తెలియగలదు.

ఈ కొఱతను తీర్చుటకు ముందుగా ఈస్టునకు నారుమడి వంటి దానిని సిద్ధపఱుతురు. 2 లీటర్ల నీటిలో 200 గ్రాముల మాల్టు పొడిని కలిపి పావుగంట మరిగించి, 20 డిగ్రీల వఱకు చల్లార్చి, శుభ్రమైన సీసాలో పోసి ఈస్టును వేయుదురు. మూతిని వదులుగా కప్పి అప్పుడప్పుడు కుదుపుదురు. గాలి తగిలిననే కణములు చక్కగా వృద్ధియగును. ఒకటి రెండు దినములైన పిదప చలువపెట్టెలో నుంచినచో ఈస్టు అడుగున పేరును. పైనీటిని వంచివేసి, చాలనిచో క్రొత్త రసముతో మరల పెంచుదురు. ఈ రసము పలుచగా నుండవలెను. మిక్కిలి తీపియైనచో లేతకణములు డస్సిపోవును.

ఇంకొక సులభోపాయము కలదు. ముందుగా పలుచని బీరు నొకదానిని కాచి, దాని యడుగున మిగిలిన ఈస్టును గాఢమైన దానికి వాడుదురు. ఒకే శ్రమకు రెండు ఫలములు!

ఈస్టు చాలనిచో పులియుట ఆలస్యమగును. ఆలోపల చెడ్డ సూక్ష్మజీవులు చొరబడును. చక్కెర కొంత మిగిలిపోయి పని నడుమ నిలిచిపోవును. ఒక్క పొట్లము వెల మిగుల్చుకొనబోయి ధాన్యమును, వంటచెఱకును, వారముల శ్రమను పోగొట్టుకొన్నట్లగును.

మన సభ్యులు దీనినుండి గ్రహింపదగిన దొకటి కలదు. పప్పుధాన్యపు విత్తులకు పట్టించు రైజోబియం పొట్లములోనివియు ప్రాణులే. వానిని ఎండలో నుంచకుడు. గడువు తేదీ చూచి కొనుడు. పట్టించిన విత్తులను నీడనే ఆరబెట్టుడు. కంటికి కానరాని కూలీలైనను, చాలినంతమంది ప్రాణముతో నున్నప్పుడే పని సాగును.