ముత్తవ్వ పేరేమిటి?

తర్పణ సమయంలో పురోహితులు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అడుగుతారు. ముత్తాత పేరు వద్ద చాలామంది తడబడతారు. ముత్తవ్వ పేరు వద్ద ఇంకెందరో మౌనం వహిస్తారు.

ఆ పేర్లు ఒక్కొక్కప్పుడు గయలోనో, హరిద్వారంలోనో లభిస్తాయి. అచ్చటి తీర్థపురోహితులు యాత్రికుల ఊరు, వంశం, వెంట వచ్చిన బంధువుల పేర్లు ‘బహీ’ అనే పొడవాటి పుస్తకాలలో తరతరాలుగా వ్రాసి ఉంచుతున్నారు. పూర్వుల గ్రామాన్ని బట్టే బహీ తీస్తారు. నేడు నివసించే పట్నం పేరు చెప్పి ప్రయోజనం లేదు.

మన ఊళ్లలోనూ అటకలపై తాళపత్రాలు, దస్తావేజులు, పాత శుభలేఖలు ఉన్నాయి. సేవాభిలాషులైన భక్తులు వాటిని తరలించనవసరం లేదు. యజమాని అనుమతితో ఛాయాచిత్రం తీసి ఇంటిపేరు, గోత్రం, గ్రామం పాత పేరు, వివరం చెప్పినవారెవరో వ్రాసి జతపరిస్తే చాలును. తాళపత్రాన్ని తడిగుడ్డతో తుడవరాదు. అంటుకున్న ఆకులను బలవంతంగా విడదీయరాదు. పత్రంలో చూచినది వేరుగా, పెద్దల నోట విన్నది వేరుగా వ్రాయాలి. జీవించి ఉన్నవారి వివరాలు వారి సమ్మతి లేనిదే పంచరాదు.

వంశవృక్షాలలో ఆడపడుచుల శాఖ తరచు పెండ్లితో ఆగిపోతుంది. కోడళ్ల పుట్టింటి పేర్లు అసలే ఉండవు. అవి ఇంటిలోని బామ్మకే గుర్తుంటాయి. అటక ఎక్కే ముందు ఆమె వద్ద కూర్చొనడం మేలు.