పోస్ట్‌డాక్: వైద్య డేటాను చదివే కొలువు

పీహెచ్‌డీ పట్టా అందాక, సొంతంగా ప్రయోగశాల నడిపే స్థాయికి చేరేలోపు చేసే పరిశోధన ఉద్యోగమే పోస్ట్‌డాక్. ఇది మరో డిగ్రీ కాదు. అనుభవజ్ఞుడైన శాస్త్రవేత్త దగ్గర చేరి, జీతం తీసుకుంటూ, రెండు మూడేళ్లలో ఒక ప్రశ్నను తేల్చే గడువు కొలువు. వైద్య డేటా సైన్స్‌లో ఆ ప్రశ్నకు ముడిసరుకు రక్తపరీక్షలు, స్కానింగులు, జన్యుక్రమాలు, ఆసుపత్రి రికార్డులు.

ఈ పని విలువ చర్ల లాంటి చోట బాగా తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో ఉన్న ఈ మండలంలో కోయ గూడేలు ఎక్కువ, మలేరియా పాత శత్రువు. మలేరియా తరతరాలుగా పీడించిన ప్రాంతాల్లోనే సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి జన్యువు నిలదొక్కుకుంది. బీటా గ్లోబిన్ జన్యువులో ఒకచోట ‘ఏ’ అక్షరం ‘టీ’గా మారితే చాలు. ఆ మార్పు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి, ఒళ్లంతా నొప్పులతో జీవితాంతం బాధపెడతాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది.

పరీక్షలయ్యాక డేటా శాస్త్రవేత్త పని మొదలవుతుంది. ఒక రిజిస్టరులో ‘కుంజా’ అని ఉన్న ఇంటిపేరు మరోదానిలో ‘కుంజ’ అని ఉండొచ్చు. 2016కు ముందు కాగితాల్లో చర్ల ఖమ్మం జిల్లాలో ఉంటుంది, తర్వాతి వాటిలో భద్రాద్రి కొత్తగూడెంలో. వయసు అంచనాగా రాసినదైతే కంప్యూటరుకు ఒక్క మనిషే ఇద్దరిలా కనిపిస్తాడు. వీటిని సరిచూసి కలిపితేనే ఏ గూడెంలో ఎందరికి మందులు, ఎందరికి పెళ్లికి ముందు సలహా అవసరమో లెక్క తేలుతుంది.

ఇలాంటి విశ్లేషణకు హైదరాబాదులోనే గట్టి ఉదాహరణ ఉంది. ఇక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పోల్చారు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని అరుదైన జబ్బులు ఎందుకు పేరుకుంటాయో అందులో వివరించారు. వైశ్యుల్లో కొందరికి మత్తు వేళ ఇచ్చే, కండరాలను సడలించే మందు ప్రభావం త్వరగా దిగకపోవడం అందుకో ఉదాహరణ. ఇలాంటి పోలికలకు పనికొచ్చేలా, దేశ ప్రజల జన్యువులను చదివే జీనోమ్ ఇండియా పథకంలో సేకరించిన 10,000 మంది జన్యుక్రమాలు 2025 జనవరి నుంచి ఫరీదాబాద్‌లోని జీవశాస్త్ర డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి.

ఈ కొలువుకు జీవశాస్త్రంతోపాటు గణాంకశాస్త్రం, పైథాన్ లేదా ఆర్ ప్రోగ్రామింగ్ కావాలి. కంప్యూటర్ సైన్స్, గణితం చదివినవారూ రావచ్చు. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధన సంస్థల్లో ఈ స్థాయి ఉద్యోగాన్ని తరచూ రీసెర్చ్ అసోసియేట్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2023లో సవరించిన ప్రకారం వారికి నెలకు 58,000 నుంచి 67,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. ఆ తర్వాత అధ్యాపకులు కావచ్చు, ఔషధ సంస్థల్లోనో ఆసుపత్రుల్లోనో చేరవచ్చు. గడువు తీరాక స్థిరమైన ఉద్యోగానికి మాత్రం హామీ లేదు.

ఈ పనిలో బాధ్యతలూ ఉన్నాయి. నెత్తురిచ్చిన మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పి సమ్మతి తీసుకోవడం, నైతిక సంఘం అనుమతి పొందడం, పేర్లు బయటపడకుండా కాపాడడం తప్పనిసరి. కోయ భాష తెలిసినవారు బృందంలో ఉంటే ఆ సమ్మతి నిజమైనదవుతుంది. తేలిన ఫలితం తిరిగి ఆ గూడేనికి, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. అప్పుడే ఈ పరిశోధన పూర్తయినట్టు.